లైటు ఆర్పి వెళ్ళిన వాళ్ళు

వీబెకె మూడోసారి కేకు తెచ్చిన రోజున ఆఫీసులో అందరూ ఆమెతో ఎంతో మర్యాదగా ఉన్నారు. ఆమె ఒళ్ళు మండించింది ఆ మర్యాదే.

అక్కడి ఆచారం అది. ఎవరి పొరపాటువల్ల పని చెడితే వాళ్ళు మర్నాడు కేకు తేవాలి. తిట్లుండవు, సంజాయిషీలుండవు. కేకు కోస్తారు, కాఫీ పోసుకుంటారు, నుంచునే తింటారు. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి తప్పు కూడా ఖాళీ అయిపోయినట్టే. ఆ తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాళ్ళే మర్యాద తెలియనివాళ్ళు. చూసేవాళ్ళకు ముచ్చటైన పద్ధతే. తాను చెయ్యని తప్పుకు మూడుసార్లు సైకిలు బుట్టలో కేకు పెట్టుకుని, వంతెన మీద ఎదురుగాలిలో తొక్కుకుంటూ వచ్చిన మనిషికి మాత్రం అందులో ముచ్చట కనిపించదు.

తెచ్చింది బ్రూన్స్‌వీగర్ అనే కేకు. మెత్తటి రొట్టె మీద వెన్న, నల్లపంచదార కరిగించి పోసి కాలుస్తారు. ఆ స్వెన్‌బోర్గ్ ఊళ్ళో ఏ బేకరీకి వెళ్ళినా అద్దాల వెనక ముందు కనిపించేది అదే.

"ఈసారి పాకం ధారాళంగా పోయించావే," అన్నాడు ట్రోల్స్, వేళ్ళు నాక్కుంటూ. పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషి, మనసులో విషం లేదు, నోటికి అడ్డూ లేదు. "తప్పు పెద్దదయ్యేకొద్దీ పాకం పెరుగుతుందా?"

"నీ వంతు వచ్చినప్పుడు చూద్దాంలే. బేకరీనే పెకలించి తేవాలి నువ్వు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో వీబెకె కలవలేదు. జట్టుకు పెద్ద ఆస్గర్ ఆమె దగ్గరికి వచ్చి, ముక్క నోట్లో పెట్టుకునే, కిటికీకేసి తిరిగి ఏదో అన్నాడు.

"నాకేసి తిరిగి మాట్లాడు ఆస్గర్. పన్నెండేళ్ళ నుంచి చెబుతున్నాను."

"అయ్యో, సారీ." తిరిగాడు. "ఏం లేదు, దీన్ని మనసులో పెట్టుకోకు అంటున్నాను. ఎవరికైనా జరుగుతుంది."

"ఎవరికైనా జరగడం లేదు. నాకే జరుగుతోంది."

ఆస్గర్ మెత్తగా నవ్వి భుజం తట్టాడు. అతను ఎవరినీ ఎప్పుడూ ఒక్క మాట అనడు. అందరూ అందరినీ నువ్వు అని పిలుచుకునే చోట చిన్నచూపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం మహా కష్టం.

*

వాళ్ళు చేసేది చెవి మిషన్లను సరిచేసే ప్రోగ్రాము. వినికిడి తగ్గినవాళ్ళు క్లినిక్కుకు వెళతారు. అక్కడ ఆడియాలజిస్టు ఈ ప్రోగ్రాము తెరిచి, చెవి మిషనును కంప్యూటరుకు తగిలించి, ఈ మనిషికి సన్నని శబ్దాలు పెంచాలి, గాలి హోరు తగ్గించాలి అని ఒక్కొక్కటే అమరుస్తుంది. పని అయిపోయాక ప్రోగ్రాము మూసేస్తుంది. గొడవంతా ఆ మూసేటప్పుడే. పని చేసినంతసేపూ బుద్ధిగా ఉండి, సరిగ్గా మూసే క్షణంలో ప్రోగ్రాము కుప్పకూలేది. తెర మీద 'ప్రోగ్రాము అనుకోకుండా ఆగిపోయింది' అని ఒక డబ్బా వచ్చేది. కూలిన ప్రతిసారీ ఆ జాడ వీబెకె చూసుకునే కోడులో ఆగేది.

ఇలాంటి ప్రోగ్రాము ఒక్క ముద్దగా ఉండదు. లైబ్రరీలనే ముక్కలుగా ఉంటుంది. చెవి మిషనుతో మాట్లాడేది ఒకటి, బొమ్మలు గీసేది ఒకటి, కాగితం మీద అచ్చు తీసేది ఒకటి. అన్నీ కలిసి వాడుకునేది ఇంకొకటి ఉంటుంది, లాగ్. ఎవరు ఏం చేసినా అందులో ఒక ముక్క రాసిపెడతారు. ప్రోగ్రాము మూసేటప్పుడు ఒక్కో లైబ్రరీ తన సామాను సర్దుకుని, తన చెత్త తాను ఊడ్చుకుని వెళ్ళిపోవాలి. చెవి మిషనుతో మాట్లాడే లైబ్రరీ వీబెకెది. ఆమె రాసింది కాదు, ఆమెకు ముందు పనిచేసి రిటైరైపోయిన మనిషి రాసింది. ఆమె కాపు కాస్తోంది, అంతే. శవం ఆమె గుమ్మంలో పడి ఉంది కాబట్టి హత్య ఆమే చేసిందని తీర్మానించారు. కత్తి ఎవరిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

వీబెకెకు కూడా రెండు చెవులకూ మిషన్లే. టోసింగె దీవిలో పుట్టింది. ఆరేళ్ళప్పుడు తట్టు పోసింది. పోతూ పోతూ జ్వరంతో పాటు వినికిడిలో సగం పట్టుకుపోయింది. బళ్ళో టీచరు బోర్డుకేసి తిరిగి పాఠం చెప్పేవాడు. ఈ పిల్ల పరధ్యానం మనిషి అని ప్రోగ్రెస్ కార్డులో రాసేవాడు. పరధ్యానం కాదు, వినపడదు అని తెలుసుకోవడానికి వాళ్ళకు రెండేళ్ళు పట్టింది. అప్పటికే ఆమె పెదవులు చదవడం నేర్చేసుకుంది. కంప్యూటరు పని ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే, "అది గొణగదు," అనేది. యాభై దాటాయి. భర్త ఏగన్ బస్సు డ్రైవరు. పెళ్ళయిన నాటినుంచి ఆమె ముఖంలోకి చూడకుండా ఒక్క మాట కూడా మాట్లాడని ఏకైక మనిషి అతనే. స్టీరింగు పట్టుకుని కూడా ఆమెకేసే తిరుగుతాడని ఆమెకు భయం.

వీబెకె ఆ కోడు మీద పగబట్టడానికి కారణం కేకు కాదు. గాలి.

మూడో కేకు తర్వాతి వారం ఆమె తన మిషన్లు సరిచేయించుకోవడానికి క్లినిక్కుకు వెళ్ళింది. వంతెన మీద సైకిలు తొక్కేటప్పుడు గాలి హోరు చెవుల్లో రంపంలా కోస్తోందని చెప్పింది. డోరిట్ అనే ఆడియాలజిస్టు ఓపిగ్గా కూర్చుని, కిందిస్వరాలు తగ్గించి, ఫ్యాన్ పెట్టి చూసింది.

"ఎలా ఉంది?"

"స్వర్గంలా ఉంది. ఫ్యాన్ ఉందని కూడా తెలియడం లేదు."

డోరిట్ ఆమె వినికిడి పటం అచ్చు తీసి చేతికిచ్చింది, వచ్చిన ప్రతివాళ్ళకూ ఇచ్చినట్టే. ప్రోగ్రాము మూసింది. డబ్బా వచ్చింది. డోరిట్ చూడను కూడా చూడకుండా, ఈగను తోలినట్టు వేలితో దాన్ని మూసేసింది.

"అదేమిటి?" అంది వీబెకె.

"అదా? ఎప్పుడూ అంతే. పనైపోయాక వస్తుంది కదా, ఏం కాదు."

వీబెకె ఇంటికి వెళ్ళేటప్పుడు గాలి నిజంగానే అణిగి ఉంది. పడుకునేముందు రోజూలాగే బ్యాటరీ మూతలు తెరిచి, మిషన్లు గిన్నెలో పెట్టింది. తెల్లారి మూతలు వేసి, తగిలించుకుని, వంతెన ఎక్కింది. అంతే, మళ్ళీ అదే రంపం. క్లినిక్కులో ఎవరూ ఏమీ ముట్టుకోనట్టే.

డోరిట్‌కు ఫోను చేసింది.

"కొత్త అమరిక కదా," అంది డోరిట్, ప్రేమగానే. "మెదడుకు టైమివ్వాలి. అలవాటవుతుంది. అందరికీ మొదట అలాగే ఉంటుంది."

"అందరికీనా?"

"చాలామందికి. క్లినిక్కులో బాగుందంటారు, మర్నాడు ఫోను చేసి బాగాలేదంటారు. పెద్దవాళ్ళు కదా. కొందరు తీసి సొరుగులో పడేస్తారు."

వీబెకె ఫోను పెట్టేసింది. క్లినిక్కులో బాగుంది. మర్నాడు బాగాలేదు. మధ్యలో జరిగింది ఒక్కటే, బ్యాటరీ మూత తెరవడం.

ఆమెకు తెలిసిన విషయం ఒకటుంది. ఆడియాలజిస్టు అమర్చేదంతా ముందు మిషను తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. అందుకే వెంటనే వినిపిస్తుంది. దాన్ని శాశ్వత జ్ఞాపకంలో రాసేది ఆఖర్లో, ప్రోగ్రాము మూసేటప్పుడు, తన లైబ్రరీ చెత్త ఊడ్చుకుంటూ చేసే పనుల్లో ఒకటిగా. ఆ రిటైరైన మహానుభావుడు అలా పెట్టి పోయాడు. దాన్నక్కడి నుంచి తీసి ముందుకు తెద్దామని ఆమె రెండుసార్లు అడిగింది. వైద్య పరికరం కాబట్టి పత్రాలు చాలా మార్చాలని రెండుసార్లూ పక్కన పెట్టారు. ఇప్పుడు ఆ ఊడ్పు మధ్యలోనే ప్రోగ్రాము చస్తోంది. రాయాల్సింది రాయకుండానే చస్తోంది. మూత తెరవగానే పాత అమరిక తిరిగొస్తోంది. చెవిటి మనిషికి మాత్రం, అలవాటు చేసుకోమని చెబుతున్నారు.

దేశమంతా ఎందరు ఎన్ని సొరుగుల్లో పడేశారో. ఆమెకు కళ్ళు ఎర్రబడ్డాయి.

*

సోమవారం సమావేశంలో ఆస్గర్ ఒక శుభవార్త చెప్పాడు. మూసేటప్పుడు కూలిపోవడానికి విరుగుడు దొరికిందట. రెండే లైన్లు. ప్రోగ్రాము మూయమనగానే, ఎవరినీ సర్దుకోనివ్వకుండా, ఊడ్చుకోనివ్వకుండా, ఉన్నపళాన ఆపెయ్యడమే. సర్దుకోవడమే లేకపోతే సర్దుకుంటూ కూలడమూ ఉండదు.

"ట్రోల్స్ పరీక్షించాడు కూడా. డబ్బా రావడం లేదు. శుక్రవారం కొత్త వెర్షను క్లినిక్కులకు పంపేస్తున్నాం."

వీబెకె లేచి నుంచుంది. అక్కడ సమావేశాల్లో ఎవరూ లేవరు.

"డబ్బా రాకపోవడమా మీకు కావలసింది? ఇప్పటిదాకా అమరిక రాసేలోపు చచ్చేది, కొన్నిసార్లయినా బతికేది. ఇక ఎప్పుడూ రాయదు! ఒక్క అమరికా నిలవదు! మర్నాడు పొద్దున్నే అందరివీ పాతవైపోతాయి!"

"నిలిచింది వీబెకె," అన్నాడు ట్రోల్స్. "నేను చూశాను. మూసి, మళ్ళీ తెరిచి చదివితే కొత్త అమరికే ఉంది."

"బ్యాటరీ మూత తీసి చూశావా?"

"అది... పరీక్షలో ఆ మెట్టు లేదు."

"నా జీవితంలో ఉంది! రోజూ రాత్రి ఉంది!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఆస్గర్ అరచేతులు రెండూ మెల్లగా కిందికి దించాడు, మంట తగ్గిస్తున్నట్టు.

"నీకు దీని మీద ఎంత శ్రద్ధ ఉందో మా అందరికీ తెలుసు. కానీ మనం మాట్లాడే తీరు గురించి కూడా కాస్త ఆలోచించుకుందాం. ఇక్కడందరికీ సుఖంగా ఉండాలి కదా."

అంతే. అక్కడి నుంచి సమావేశం కోడు గురించి కాదు, ఆమె గొంతు గురించి నడిచింది. ఎంత ఎత్తున అరిచింది, ఎందుకు అరిచింది, ఈ మధ్య అలసిపోయినట్టుంది, కొన్నాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోకూడదా. చెవుడున్న మనిషికి తన గొంతు ఎంత పైకి లేచిందో తెలియదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ పూట మాత్రం ఆమెకు తెలుసు. తెలిసే లేపింది.

ఇంటికి వెళ్ళాక ఏగన్ అన్నాడు, "రాజీనామా ముఖాన కొట్టి వచ్చెయ్. నా బస్సులో టికెట్లు చూద్దువుగాని."

"కొట్టి వస్తే ఆ రెండు లైన్లు క్లినిక్కులకు పోతాయి. నా చెవిలోకి కూడా అవే వస్తాయి. ఎక్కడికి పోను ఏగన్? నా చెవులు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి."

ఏగన్ ఇక జోకు వెయ్యలేదు. బంగాళాదుంపలు తొక్కతీసి ఆమె ముందు పెట్టాడు.

*

ఎందుకు చస్తోందో రుజువుతో చూపిస్తే తప్ప ఎవరూ వినరని ఆమెకు అర్థమైంది. దాన్ని పట్టుకోవడమే నరకం. ఆఫీసు కంప్యూటర్లలో అది కూలదు. క్లినిక్కుల్లో మాత్రమే కూలుతుంది. ప్రోగ్రామును ఆపి ఆపి, ఒక్కో అడుగూ వేయించి చూసింది. కాపలా ఉన్నంతసేపూ ఏమీ ఎరగనట్టు చక్కగా మూసుకునేది. మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. పక్కన ట్రోల్స్ చెవుల్లో పాటలు పెట్టుకుని ఊగుతున్నాడు. బల్ల మీద చేతికందేదేమన్నా ఉంటే వీబెకె విసిరేసి ఉండేది.

డోరిట్ ఏమేం చేసిందో మొదటి నుంచీ గుర్తు తెచ్చుకుంది. తెరిచింది, మిషను తగిలించింది, అమర్చింది, కాగితం చేతికిచ్చింది, మూసింది. కాగితం. ఆఫీసులో ఎవరూ అచ్చు తియ్యరు. కాగితం వృథా చెయ్యకూడదని ప్రింటరు మీద చెట్టు బొమ్మ అతికించి మరీ పెట్టారు. వీబెకె తన వినికిడి పటమే తెరమీదికి తెచ్చి, అచ్చు తీసి, మూసింది.

డబ్బా వచ్చింది.

మళ్ళీ తీసింది. మళ్ళీ వచ్చింది. ప్రింటరు పక్కన తన చెవుడు పటాలే దొంతరగా పెరిగాయి. చెట్టు బొమ్మ చూస్తూ ఉంది.

ఆ తర్వాత దారం లాగితే అంతా వచ్చేసింది. లైబ్రరీలు ఆఖరున వచ్చింది ముందుగా వెళ్ళిపోయే పద్ధతిలో వెళతాయి. మామూలుగా అందరికన్నా ఆఖరున వచ్చేది వీబెకె లైబ్రరీయే, అందుకే ముందు వెళ్ళేదీ అదే. దాని పని అది చూసుకుని క్షేమంగా బయటపడేది. అచ్చు తీస్తే మాత్రం అచ్చు లైబ్రరీ ఇంకా ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ముందు వెళుతుంది. వెళుతూ వెళుతూ అది అందరూ వాడుకునే లాగ్‌ను మూసేసి పోతోంది! లోపల ఇంకా జనం ఉండగానే మొదట బయటికి నడిచినవాడు మెయిన్ స్విచ్ కట్టేసినట్టు. వెనక వీబెకె లైబ్రరీ వేడి పులుసు గిన్నెతో మెట్లు దిగుతోంది. 'వెళ్తున్నాను' అని లాగ్‌లో రాయబోయి, చీకట్లో కాలు జారి పడుతోంది. అమరికను శాశ్వతంగా రాసే పని ఆ తర్వాతి మెట్టు.

ఆమె మిగతా లైబ్రరీలు తెరిచి చూసింది. అన్నింటిలోనూ, ఆఖరి లైనులో, అదే లాగ్ మూత. ఒక్క తన దాంట్లో తప్ప. ఒక్కొక్కరూ అందరి లైటూ ఆర్పుకుంటూ పోతున్నారు. ఎవరు రాశారని చూస్తే, మనిషి పేరు లేదు. 'పని రోజు. అందరూ.' అని ఉంది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఇళ్ళ సంఘాల్లో, పిల్లల బడుల్లో అందరూ కలిసొచ్చి దొడ్డి ఊడ్చి, కంచెలకు రంగేసే పని రోజులుంటాయి. ఆఖర్లో సాసేజీలు, బీరు. అలాంటిదే కోడుకు కూడా పెడదామన్నాడు ఆస్గర్. ఎవరి గది వాళ్ళు ఊడ్చుకుందాం, వెళ్ళేటప్పుడు ఏదీ తెరిచి వదిలెయ్యొద్దు అన్నాడు. మంచి పిల్లల్లా ప్రతివాళ్ళూ తలా ఒక మూత రాశారు. ఆవేళ గుంపులో ఎవరేం మాట్లాడుతున్నారో వీబెకెకు అందలేదు. మళ్ళీ చెప్పమంటే, "ఏం లేదులే" అన్నారు. పోనీ నువ్వు సాసేజీలు కాల్చు, నువ్వు బాగా కాలుస్తావు అన్నారు. అందుకే ఆమె కోడులో ఆ లైను లేదు. ఆమెను పొయ్యి దగ్గర నిలబెట్టారు కాబట్టి లేదు.

తిండి పెట్టి మరీ వాళ్ళ తప్పు తన నెత్తిన వేయించుకుంది. మూడు కేకులూ అదనం.

*

గురువారం ఆస్గర్ బల్ల మీద ఆ అచ్చు కాగితాలన్నీ పడేసి, మొత్తం చెప్పింది. ఆస్గర్ శ్రద్ధగా విన్నాడు. ఆమెకేసి తిరిగే విన్నాడు.

"అద్భుతమైన పని," అన్నాడు. "అంటే నిజానికి ఇది ఎవరి తప్పూ కాదన్నమాట."

"ఎవరి తప్పూ కాదా?"

"అందరిదీ. అందరం కలిసి ఒక పెద్ద కేకు తెద్దాం. బాగుంటుంది కదా?"

"రేపు పంపేది ఆపు ఆస్గర్. వెళ్ళేవాళ్ళు లాగ్‌ను ముట్టుకోకుండా వెళ్ళాలి, ఆఖరున మిగిలినవాళ్ళే దాన్ని మూయాలి. శాశ్వతంగా రాసే పనిని మూయడానికి ముందే, అందరూ బతికుండగానే చెయ్యాలి. రెండు వారాలు ఇవ్వు."

"పత్రాలకే నెల పడుతుంది. ఆ రెండు లైన్లయితే చిన్న మార్పు కింద పోతుంది. క్లినిక్కులకు మాటిచ్చేశాం. డబ్బా పోతే వాళ్ళకు అదే చాలు. మిగిలింది వేసవి తర్వాత చూద్దాం."

"మరి ఈలోగా?"

ఆస్గర్ సానుభూతిగా చూశాడు. "ట్రోల్స్ పరీక్షలో అమరిక నిలిచింది వీబెకె. నీకు వంతెన మీద గాలి వినిపిస్తోందని ఒక వెర్షను ఆపలేను. ఏమో, కాస్త అలవాటు..."

మాట సగంలో ఆగిపోయింది గానీ, పెదవుల మీద మిగతా సగాన్ని ఆమె చదివేసింది.

"సరే," అంది. "రేపు పంపేముందు పది నిమిషాలివ్వు. నా చెవుల మీదే చూద్దాం."

*

శుక్రవారం చిన్న గదిలో ముగ్గురే కూర్చున్నారు. వీబెకె రెండు మిషన్లూ తీసి, తీగలు తగిలించి బల్ల మీద పెట్టింది. ఇక ఆమెకు గదిలో పెదవులు తప్ప ఏమీ లేవు.

"రెండింటినీ సున్నాకు దించు ఆస్గర్. పూర్తిగా మూగ. నీ చేత్తోనే చెయ్యి. సేవ్ నొక్కు. నీ కొత్త పద్ధతిలోనే మూసెయ్."

ఆస్గర్ దించాడు. సేవ్ నొక్కాడు. మూశాడు. డబ్బా రాలేదు. తెర అద్దంలా శుభ్రంగా ఉంది. ట్రోల్స్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

వీబెకె తీగలు పీకి, ఒక్కో మిషను బ్యాటరీ మూత తెరిచి, మళ్ళీ వేసింది. వాళ్ళకు వీపు పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి తగిలించుకుంది. నిజంగా నిలిచి ఉంటే ఆమె ఇప్పుడు రాయిలా చెవిటిది కావాలి. కింద రేవులో పడవ ఇంజను డుబడుబమంటోంది. ప్రతి చప్పుడూ వినిపిస్తోంది. వెంటనే తిరిగి చెప్పేద్దామనుకుంది.

"వీబెకె, కాఫీ కావాలా?" అని వెనక నుంచి ఆస్గర్ అడిగాడు.

ఎందుకో ఆమె కదలలేదు. గది చిన్నది, వేరే సందడి లేదు, పన్నెండేళ్ళలో అతను వీపుకేసి మాట్లాడినప్పుడు మొదటిసారి స్పష్టంగా వినపడుతోంది. ఇంకేమంటాడో చూద్దామనుకుంది.

"చూశావా, వినపడటం లేదు," అన్నాడు ఆస్గర్, మామూలు గొంతుతోనే. "నిలిచింది. పోనీలే, ఆమె మనసుకు తృప్తి."

"పాపం, ఎంత కష్టపడింది," అన్నాడు ట్రోల్స్.

"అదే కదా బాధ. నీకు చెబుదామనుకుంటున్నాను. వేసవి సెలవుల తర్వాత ఆమెను పత్రాలు రాసే పనికి మారుస్తున్నాం. ఆ లైబ్రరీ నువ్వు తీసుకో. ఇప్పుడే చెప్పకు, మళ్ళీ అరుస్తుంది. మెల్లగా చెబుదాం. అలవాటు పడుతుంది."

వీబెకె తిరిగింది.

"అరుస్తాను," అంది.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"ఎందుకు అరవను? నువ్వు నన్ను చెవిటిదాన్ని చేశావు కదా ఆస్గర్, నీ చేత్తోనే! సేవ్ నొక్కావు కదా! మరి నువ్వన్న ప్రతి ముక్కా నాకెలా వినపడింది? చెప్పమంటావా మళ్ళీ? పత్రాల పని. ట్రోల్స్ తీసుకో. మెల్లగా చెబుదాం. అలవాటు పడుతుంది!"

"వీబెకె, నేను..."

"అలవాటు, అలవాటు! బళ్ళో టీచరు బోర్డుతో మాట్లాడితే నేనే అలవాటు పడాలి. మీరు కిటికీతో మాట్లాడితే నేనే అలవాటు పడాలి. మీరు సాసేజీలు తింటూ రాసిన లైనుకు ఊరందరి చెవులూ అలవాటు పడాలి! ఎంతమంది ముసలివాళ్ళు తమ బుర్రే పాడైందనుకుని మిషన్లు సొరుగులో పారేశారో తెలుసా నీకు? వాళ్ళ బుర్రకేం కాలేదు. నీ ప్రోగ్రాము రాయలేదు. అంతే. రాయలేదు!"

గాజు గోడ అవతల ఆఫీసంతా పని మానేసి చూస్తోంది. తన గొంతు ఎంత ఎత్తుకు వెళ్ళిందో ఆమెకు ఈసారి నిజంగానే తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ముందు తేరుకున్నది ట్రోల్స్. ఎర్రబడిన ముఖంతో కంప్యూటరుకేసి తిరిగి ప్రోగ్రాము తెరిచాడు. చెయ్యి చాపి, "ఒకటి ఇస్తావా," అన్నాడు. ఆమె కుడి చెవి మిషను తీసి ఇచ్చింది. తగిలించి చదివాడు. తెర మీద పాత అంకెలే ఉన్నాయి.

"సున్నా లేదు," అన్నాడు. "పాతదే. నేను మూత తీసి చూడలేదు ఆస్గర్. ఇది పంపితే ఎవరిదీ నిలవదు."

ఆస్గర్ తెరకేసి చూశాడు, చెవి మిషనుకేసి చూశాడు. ఆమెకేసి చూడలేకపోయాడు. బయటికి వెళ్ళి, పంపడం ఆపమని చెప్పాడు.

*

పత్రాలకు నెల పట్టలేదు. అంత అవసరమని పైవాళ్ళకు తెలిశాక అవే నడిచాయి. లాగ్‌ను ఆఖరున మిగిలినవాళ్ళే మూసేలా వీబెకె మార్చింది. శాశ్వతంగా రాసే పనిని ఊడ్పులోంచి లాగి, మూయడానికి ముందుకు తెచ్చింది. ఆ మార్పు కింద 'అందరూ' అని కాక, తన పేరు నిండుగా రాసింది. కొత్త వెర్షను వెళ్ళాక క్లినిక్కుకు వెళితే, డోరిట్ అమర్చి, అచ్చు తీసి, మూసి, అలవాటుగా డబ్బాను తోలడానికి వేలెత్తి, అది రాకపోయేసరికి వేలు గాల్లోనే పెట్టుకుని కూర్చుంది. "అలవాటవుతుందిలే," అంది వీబెకె. మర్నాడు వంతెన మీద గాలి వీచింది గానీ కొయ్యలేదు.

ఆ తర్వాతి సోమవారం ఆస్గర్ కేకు తెచ్చాడు. బేకరీది కాదు, తనే కాల్చాడట. ఒక అంచు మాడింది. అందరూ వంటగదిలో చేరి, కాఫీలు పోసుకుని, నుంచుని తిన్నారు. నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. ఆఖరున ఒక్క ముక్క మిగిలింది. మధ్యలోది, పాకం బాగా నిలిచిన ముక్క.

"అది నీదే వీబెకె," అన్నాడు ఆస్గర్, ఆమెకేసి తిరిగి, పెదవులు విప్పి విప్పి. "నీ కోసమే ఉంచాను."

"తెలుసు. వద్దు."

"కోపం ఇంకా పోలేదా?"

"ఇది తింటే అయిపోయినట్టే కదా. పత్రాల పని సంగతి ఏం చేశావు?"

ఆస్గర్ కాఫీ కప్పులోకి చూశాడు. "దాని గురించి మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం."

"అయితే అదీ అక్కడే కూర్చుంటుంది."

ఒక్కొక్కళ్ళే తమ కప్పులు కడుక్కుని, తమ జాగా తుడుచుకుని, బల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. ఎవరి ఎంగిలి వాళ్ళే తియ్యాలని సింకు పైన అట్ట మీద రాసి ఉంటుంది. ఆ ముక్క వీబెకెది కాబట్టి ఇంకెవరూ తియ్యకూడదు. తనది కాదంది కాబట్టి వీబెకె తియ్యదు. ఎవరో మూత బోర్లించారు. మర్నాడు కూడా అలాగే ఉంది. ఆ తర్వాత పాకం పగిలి, రొట్టె బిగుసుకుంది. ఆస్గర్ కాఫీకి వచ్చినప్పుడల్లా దాని పక్కనుంచే వెళ్ళవలసి వస్తోంది.

వారం చివర వీబెకె అందరికన్నా ఆఖరున లేచింది. గదులన్నీ ఒక్కొక్కటే తొంగి చూసి, లోపల ఎవరూ మిగల్లేదని రూఢి చేసుకుంది. వంటగదిలో మూత ఎత్తి చూసి, మళ్ళీ అలాగే బోర్లించింది. అప్పుడు లైటు ఆర్పి, సైకిలు తీసుకుని, గాలికి ఎదురుగా వంతెన ఎక్కింది.